చేతిని కొలిచాకే చెక్కకు రంధ్రం

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల అరుగుదల వంటి విషయాలు నా వ్యాసాలలో చదవడానికి అలవాటుపడిన మీకు, ఈసారి నేను వీడియో ఆటల పెట్టె గురించి రాస్తున్నానంటే వింతగా తోచవచ్చు. ఈ వయస్సులో ఈయనకు ఇదేమి సరదా అని మీరు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. ముప్పై అయిదేళ్ల వైద్యవృత్తిలో నేను అడగవలసి ఉండీ అడగని ఒక ప్రశ్నను, పదమూడేళ్ల పిల్లవాడు నన్ను అడిగాడు. అందుకే ఈ వ్యాసం.

గత శీతకాలం నేనూ, నా శ్రీమతీ అమెరికాలో డల్లాస్ సమీపంలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో కొన్ని నెలలు గడిపాము. ఆ సెలవులలో మా మనవడు తండ్రి సాయంతో గరాజ్‌లో ఒక ఆర్కేడ్ క్యాబినెట్ తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ పేరు కొత్తగా ఉన్నవారికి చిన్న వివరణ ఇస్తాను. ఇళ్లలోకి కంప్యూటర్లు రాని రోజుల్లో, నాణెం వేస్తే ఆడనిచ్చే నిలువెత్తు ఆటయంత్రాలు అమెరికా, జపాన్ వంటి దేశాలలోని ఆటశాలలలో వరుసగా నిలబడి ఉండేవి. పైభాగంలో తెర ఉంటుంది. దాని కింద, మనిషి నడుముకన్నా కొంచెం పైన, ముందుకు చొచ్చుకువచ్చిన ఒక పలక ఉంటుంది. జాయ్‌స్టిక్, బటన్లు ఆ పలకపైనే అమరి ఉంటాయి. దానినే కంట్రోల్ ప్యానెల్ అంటారు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్, 1980 నాటి ప్యాక్‌మ్యాన్ ఇటువంటి యంత్రాలపై లోకమంతా ఆడిన ఆటలు. ఆ పాత ఆటలను నేటి కంప్యూటర్లపై నడిపే మేమ్ అనే ప్రోగ్రాము 1997లో వెలువడింది. ఆ తరువాత, పాత యంత్రాన్ని పోలిన పెట్టెను ఇంట్లోనే చేసుకుని లోపల ఒక చిన్న కంప్యూటరును అమర్చుకోవడం ఎందరికో అభిరుచిగా మారింది.

పెట్టె చేయడం వడ్రంగిపని. తెర బిగించడం అంతకన్నా సులువు. కష్టమంతా ప్యానెల్‌లోనే ఉందని నాకు త్వరలోనే బోధపడింది. పాత యంత్రాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆటకోసం పుట్టినవి. 1979లో వచ్చిన ఆస్టరాయిడ్స్‌కు జాయ్‌స్టిక్కే లేదు. అయిదు బటన్లతో ఆడాలి. ప్యాక్‌మ్యాన్ ఆడటానికి నాలుగు దిక్కులకు కదిలే జాయ్‌స్టిక్ ఒక్కటి చాలు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కు ఎనిమిది దిక్కులకు కదిలే జాయ్‌స్టిక్కూ, ఆరు బటన్లూ కావాలి. ఇంట్లో చేసుకునే పెట్టెలో ఇవన్నీ ఒకే పలకపై ఇమడాలి. ఏది ఎక్కడ ఉండాలి? ఎంత ఎడంగా ఉండాలి? నేలనుంచి ఎంత ఎత్తున ఉండాలి? చూడటానికి ఇవి చెక్కకు సంబంధించిన ప్రశ్నలు. నిజానికి ఇవన్నీ చేతికి సంబంధించినవి.

ఒక ఉదయం నేను కాఫీ గ్లాసుతో గరాజ్‌లోకి వెళ్లేసరికి, మా మనవడు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక నమూనాను కాగితంపై ముద్రించి, ప్లైవుడ్ పలకపై అతికించి, రంధ్రాలు చేయడానికి తండ్రికోసం ఎదురుచూస్తున్నాడు.

"ఇది ఎవరి చేతి కొలత నాన్నా?" అని అడిగాను.

"ఎవరిదీ కాదు తాతా. అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు.

ఆటవల్ల చేతికి నొప్పి రావడం కొత్త సంగతేమీ కాదు. న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో 1981లోనే 'స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు' అన్న పేరుతో ఒక లేఖ వెలువడింది. 1990లో అదే పత్రికలో, నింటెండో ఆట ఎక్కువసేపు ఆడినందువల్ల బొటనవేలి స్నాయువుకు వచ్చిన బాధకు ఒక వైద్యుడు 'నింటెండినైటిస్' అని పేరు పెట్టాడు. పేర్లు హాస్యంగా ఉన్నా నొప్పి హాస్యం కాదు.

దానికి కారణం మణికట్టు నిర్మాణంలో ఉంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కమానులాగా అమరి ఉంటాయి. ఆ కమానుపై దళసరి పట్టీవంటి బంధనం కప్పి ఉంటుంది. మధ్యలో ఏర్పడే ఇరుకైన సొరంగం గుండా వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మధ్యనాడీ అరచేతిలోకి ప్రవేశిస్తాయి. స్నాయువులు తాళ్లవంటివి, ఒత్తిడిని కొంత తట్టుకోగలవు. నాడి మెత్తనిది, తట్టుకోలేదు. మణికట్టును పైకి విరిచినా, కిందికి వంచినా ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. నిటారుగా ఉంచితే తగ్గుతుంది. మనం పట్టుకునే ప్రతి పనిముట్టు విషయంలోనూ గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే.

ఇదంతా వాడికి సులువైన మాటల్లో చెప్పి, "చెక్కకు ఒకసారి రంధ్రం పడితే మళ్లీ పూడదు. ముందు అట్టపై చేసి చూద్దాం" అన్నాను. వాడు కొంచెం మూతి ముడుచుకున్నాడు కానీ, సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు గరాజ్ నిండా ఉన్నాయి కనుక ఒప్పుకున్నాడు. ఆ వారమంతా మేమిద్దరం అట్టలపై గీతలు గీస్తూ గడిపాము.

మొదటిది ఎత్తు. భుజాలు సడలించి, చేతిని ఒంటికి ఆనించి, మోచేతిని లంబకోణంలో మడిచి నిలబడినప్పుడు మోచేయి నేలనుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచాము. వాడికి 38 అంగుళాలు, నాకు 41. పలక మోచేతికన్నా కొద్దిగా కిందుగా ఉంటే ముంజేయి, మణికట్టు ఒకే వరుసలో ఉంటాయి. పైన ఉంటే భుజాలు ఎగదీసుకోవలసి వస్తుంది, మణికట్టు వంగుతుంది. అందుచేత 37 అంగుళాలు నిర్ణయించాము. పిల్లవాడు ఎదుగుతాడు కదా అంటే, అప్పుడు పెట్టె కింద చెక్కదిమ్మెలు పెట్టి ఎత్తు పెంచుదామని మా అబ్బాయి అన్నాడు.

రెండవది ఎడం. ఇది మీరు కూర్చున్న చోటే పరీక్షించవచ్చు. అరచేతులు కిందికి ఉండేలా రెండు చేతులనూ పొట్టముందు దగ్గరగా చేర్చి, వేళ్లను ముందుకు చూపించండి. రెండు మణికట్లూ చిటికెనవేలి వైపుకు వంకర తిరుగుతాయి. ఇప్పుడు చేతులను భుజాలంత ఎడంగా జరపండి. వంకర పోతుంది. వాడి నమూనాలో జాయ్‌స్టిక్‌కూ బటన్లకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. మేము దానిని దాదాపు రెండింతలు చేశాము. పలక కొంచెం వెడల్పయింది, అంతే.

మూడవది బటన్ల వరుస. ఇక్కడ తప్పు చేసింది నేనే. వేళ్లు సమానంగా ఉండవు కనుక బటన్లు సరళరేఖలో కాక, సడలిన వేళ్ల కొసలు సహజంగా ఆనే వంపులో ఉండాలని చెప్పి, అట్టపై చేయి పెట్టి నాలుగు వేళ్లకొసల వద్దా పెన్సిలుతో గుర్తులు పెట్టాను. వాడు వాటిని జాగ్రత్తగా కత్తిరించి, బటన్లు దూర్చి, ఆడినట్టు అభినయించి చూశాడు. చిటికెనవేలు చివరి బటన్‌కు అందలేదు. అందుకోబోతే మణికట్టు మొత్తం పక్కకు తిరిగింది. ఎవరి చేతి కొలత అని వాడిని ప్రశ్నించిన పెద్దమనిషిని, నా చేతినే కొలిచాను! ఇద్దరం నవ్వుకుని, ఆ అట్టను పక్కన పడేసి, ఈసారి వాడి చేతితో గీశాము. నడిమివేలి బటన్ అన్నిటికన్నా పైన, చూపుడువేలిదీ ఉంగరపువేలిదీ కొద్దిగా కింద, చిటికెనవేలిది మరికొంత కింద. రెండవ వరుస కూడా అదే వంపులో. పెద్ద చేతికి చిన్న వంపు పెద్ద ఇబ్బంది కాదు. చిన్న చేతికి పెద్ద వంపు మాత్రం ఇబ్బందే.

నాలుగవది అంచు. ఆడేవారి ముంజేతులు పలక ముందంచుపై ఆనుతాయి. కోసిన ప్లైవుడ్ అంచు పదునుగా ఉంటుంది. ఆ పదును సరిగ్గా చర్మం పలుచగా ఉండి, నాడులు పైపైనే ఉన్న చోట ఒత్తుతుంది. మా అబ్బాయి ఆ అంచును యంత్రంతో గుండ్రంగా చెక్కి, ఉప్పుకాగితంతో నునుపు చేశాడు. ఆట మొదలుపెట్టే బటన్లను మాత్రం చేతులకు అందకుండా పలక పైభాగాన ఉంచాము, మధ్యలో పొరపాటున తగలకుండా.

అయిదవది బలం. ఈ బటన్ల అడుగున మైక్రోస్విచ్ ఉంటుంది. మెత్తగా నొక్కితే టిక్కుమంటుంది, కంప్యూటరుకు సందేశం చేరిపోతుంది. ఆ టిక్కు తరువాత మనం పెట్టే బలం ఆటకు అక్కరలేదు. అది వేలికీళ్లు భరించవలసిందే. పిల్లలు ఆట వేడెక్కినకొద్దీ మరింత గట్టిగా కొడతారు. మెత్తని స్ప్రింగు ఉన్న బటన్లను ఎంచుకోవడం మన చేతిలో ఉంది. మెత్తగా నొక్కడం అలవాటు చేసుకోవడం వాడి చేతిలో ఉంది.

ఇక నేను మీకు అసలు చెప్పదలచుకున్న సంగతి.

జాయ్‌స్టిక్‌ను పరీక్షించడానికి దానిని ఒక బూట్లపెట్టెకు బిగించి, ప్యాక్‌మ్యాన్ నడిపించి, "నువ్వు ఆడు తాతా" అని నా ముందు పెట్టాడు. దాని తల గోళంలా గుండ్రంగా ఉంది. బొటనవేలితోనూ రెండు వేళ్లతోనూ చిటికెడు పట్టినట్టు పట్టుకోవాలి. నా బొటనవేలి మూలంలో కీలు కొన్నేళ్లుగా అరిగి ఉంది, ఎడమచేతిలో మరీ ఎక్కువ. రెండు నిమిషాలు ఆడి, "నాకు ఇవి రావురా" అని లేవబోయాను. నొప్పి అని చెప్పడానికి ఏదో అభిమానం అడ్డొచ్చింది. రోగులకు చెప్పుకోవడం నేర్పే వైద్యులకు తాము చెప్పుకోవడం రాదు.

వాడు వదల్లేదు. "రాకపోవడం కాదు తాతా. అది పట్టుకోగానే నీ మొహం మారిపోయింది. ఎక్కడ నొప్పి? ఎలా పట్టుకుంటే వస్తోంది?"

చోటు చూపించాను. వాడు గుండ్రటి తలకు ఒక పాతగుడ్డ చుట్టి, లావు చేసి, "ఇప్పుడు?" అన్నాడు. కొంత నయమనిపించింది. నాలుగు రోజుల తరువాత పొడవుగా, కింద సన్నగా, పైన లావుగా ఉండే మరొక పిడి తెప్పించి బిగించాడు. దానిని చిటికెడు పట్టనక్కరలేదు, అరచేతిలో ఇమిడిపోతుంది. నొప్పి లేకుండా అర్ధగంట ఆడాను. దయ్యాలు నన్ను తినేస్తూనే ఉన్నాయి, అది వేరే సంగతి.

ఎలా పట్టుకుంటే వస్తోంది? ఆ రాత్రి ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

చాలా సంవత్సరాల క్రితం, కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో నేను ప్రాక్టీసు చేస్తున్నప్పుడు బట్టలు కుట్టే ఒకావిడ నా దగ్గరకు వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడిచేతి వేళ్లు రాత్రివేళ తిమ్మిరెక్కి మెలకువ వస్తోందనీ, చేయి విదిలించుకుంటే కాసేపటికి తగ్గుతోందనీ చెప్పింది. మణికట్టు సొరంగంలో మధ్యనాడి నలుగుతున్నదనడానికి అంతకన్నా చక్కని వర్ణన ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. నాకు రోగం తెలుసు. నొప్పి మాత్రలు, బి విటమిను మాత్రలు రాసి, "చేతికి విశ్రాంతి ఇవ్వమ్మా" అన్నాను.

"విశ్రాంతి ఇస్తే పూట గడవదండీ" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ తరువాత మూడు నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ అవే మాత్రలు, అదే మాట. ఆవిడ పనిచేసే బల్ల ఎంత ఎత్తున ఉందో నేను అడగలేదు. ఎంత బరువైన కత్తెరతో రోజుకు ఎన్ని గంటలు కత్తిరిస్తోందో అడగలేదు. దుకాణం మా వీధి చివరనే ఉంది. ఒక్కసారి ఆగి చూసినా తెలిసేది. రెండేళ్ల తరువాత వచ్చినప్పుడు బొటనవేలి కింద ఎత్తుగా ఉండవలసిన కండ చదునుగా జారిపోయి ఉంది. అప్పుడు కంగారుపడి శస్త్రచికిత్సకు పంపాను. రాత్రి తిమ్మిరి పోయింది. కరిగిన కండ మాత్రం తిరిగి రాలేదు. "సూదిలో దారం ఎక్కించడానికి పిల్లను పిలుస్తున్నానండీ" అని, నన్ను నిందించకుండానే చెప్పింది.

ఆ తరువాత ఒకరోజు నేను ఆ దుకాణం ముందు ఆగి చూశాను. పొట్టి పీటపై కూర్చుని, రొమ్ము ఎత్తున ఉన్న బల్లపై, మణికట్టు వంచి కత్తెర పట్టుకుని ఉంది. ఎత్తయిన కుర్చీ ఒక్కటి, లేదా కూర్చునే పీట కింద రెండు ఇటుకలు. కొంత భారం తగ్గేది. దానితోనే జబ్బు నయమయ్యేదని నేను చెప్పడం లేదు. కానీ నేను రాసిన మాత్రలకన్నా అది మేలు చేసి ఉండేది. ఇన్నేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

చెక్కకు రంధ్రం పడినట్టే నాడికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటకముందే కొలవాలి.

చివరకు ప్యానెల్ పూర్తయింది. రంధ్రాలు చేసేటప్పుడు ముగ్గురం కళ్లద్దాలూ, ముక్కుకు మాస్కులూ పెట్టుకున్నాము. చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పలక అడుగున మరొక చెక్కను గట్టిగా బిగించాము, రంధ్రం అంచులు పెచ్చులూడకుండా. 30 మిల్లీమీటర్ల రంధ్రాలలో బటన్లు ఒక్కొక్కటీ టక్కున కూర్చుంటుంటే మా మనవడి ముఖం చూడాలి. ప్రతి బటన్‌కూ రెండు తీగలు. ఒకటి చిన్న సర్క్యూట్ బోర్డుకు, రెండవది అన్ని బటన్లనూ కలుపుతూ పోయే ఉమ్మడి తీగకు. ఆ బోర్డు మన వేలి కదలికను కంప్యూటరుకు చేరవేస్తుంది. మణికట్టులోని నాడి మెదడుకూ వేళ్లకూ మధ్య చేసే పని కూడా ఇంచుమించు ఇటువంటిదేనని వాడికి చెప్పాను. "అయితే తీగ నలిగితే బటన్ పనిచేయదన్నమాట" అన్నాడు. అంతే.

మీలో ఆటపెట్టె చేసుకునేవారు కొద్దిమందే ఉంటారు. కానీ కీబోర్డు, కుట్టుమిషను, మగ్గం, కత్తిపీట, సెల్‌ఫోను వీటిలో ఏదో ఒకదాని ముందు గంటలు గడపనివారు అరుదు. వాటన్నిటికీ ఈ అయిదు ప్రశ్నలే వేసుకోండి. ఎత్తు మోచేతికి తగినదేనా? మణికట్టు నిటారుగా ఉందా? వేళ్లు సాగదీయకుండా అందుతున్నాయా? ఏ అంచైనా చేతిని ఒత్తుతోందా? అవసరానికి మించిన బలం పెడుతున్నానా? వీటితోపాటు అరగంటకొకసారి చేతులకు ఒకటి రెండు నిమిషాల విరామం ఇవ్వండి.

బొటనవేలినుంచి ఉంగరపువేలి వరకు తిమ్మిరితో రాత్రి మెలకువ వస్తున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొక్కాలు పెట్టుకోవడం కష్టమవుతున్నా ఆలస్యం చేయకండి. బొటనవేలి కింది కండ చదునవుతున్నట్టు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోనూ, గర్భిణులలోనూ ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది. తొలిదశలో రాత్రివేళ మణికట్టును నిటారుగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు నొప్పి ఎక్కడ ఉందో చెప్పి ఊరుకోకండి. మీ చేతులు రోజంతా ఏ పని చేస్తాయో, దేనిని ఎలా పట్టుకుంటాయో చెప్పండి. ఇప్పుడు అందరి దగ్గరా సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా, మీరు పనిచేసే చోటును, పనిచేస్తున్న భంగిమలోనే, ఎవరిచేతనైనా ఒక ఫోటో తీయించి తీసుకువెళ్లండి. మీ వైద్యుడు అడగకపోయినా చూపించండి. నావంటివాడైతే, అడగడు.